చంక తడి, ఛాతీ చప్పుడు: పత్తి చేలో మందు కొట్టిన ఒక రైతు కేసు

నేపథ్యం

పత్తి పండే జిల్లాల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చాయంటే మా వార్డులో అట్రోపిన్ పెట్టెలు ఖాళీ అవుతుంటాయి. పురుగుమందు ఒంటికెక్కితే విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలన్న సంగతి వైద్యం చదివిన ప్రతివారికీ తెలుసు. అయితే ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి, ఇచ్చినా లొంగని లక్షణం ఎదురైతే దాన్ని ఏమని అర్థం చేసుకోవాలి అన్న చోటనే మనం తడబడతాం. ఏళ్ల తరబడి ఈ రోగులనే చూస్తున్న నేను కూడా ఈ కేసులో రెండుసార్లు తడబడ్డాను. ఆ తడబాట్ల కోసమే దీన్ని రాస్తున్నాను. రోగి ఎవరో తెలిసే వివరాలను తీసేశాను, కొన్నింటిని మార్చాను. డోసులు, సమయాలు మాత్రం కేస్‌షీట్‌లో ఉన్నవే.

రోగి నలభై దాటిన రైతు, సుమారు అరవై కిలోల మనిషి, అంతకుముందు ఏ జబ్బూ లేదు. వరుసగా రెండో రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా వీపున తైవాన్ పంపు వేసుకుని పత్తి చేనుకు ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందు మోనోక్రోటోఫాస్ కొట్టారు. ట్యాంకు మూత వాషరు అరిగిపోయి, వంగినప్పుడల్లా మందు నీళ్లు వీపు మీదుగా నడుము దాకా కారాయి. మధ్యాహ్నం గాలి మళ్లి, ముఖం మీద కూడా తుంపర పడింది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం తప్ప వేరే రక్షణ ఏదీ లేదు. తాగితేనే విషం, ఒంటి మీద పడితే కడుక్కుంటే పోతుంది అనే నమ్మకం మన పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూనే పలువురు రైతులు, కూలీలు చనిపోయిన తర్వాత కూడా ఆ నమ్మకం పెద్దగా సడలలేదు.

సాయంత్రం అయిదు గంటలకు తలనొప్పి, వాంతులు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, విపరీతమైన చెమట మొదలయ్యాయి. ఊళ్లో సెలైన్ ఎక్కించి, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రి ఎనిమిదిన్నరకు మొదటి ఆసుపత్రికి చేరేసరికి ఆయాసం, నోట నురగ ఉన్నాయి. అక్కడ రెండు ఆంపుల్స్ అట్రోపిన్ ఇచ్చారు. నాడి నిమిషానికి 120 దాటడంతో ఇక ఇవ్వడానికి వెనుకాడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనుకుని, ఒంట్లోని నీటిని మూత్రంగా తోసేసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి రిఫర్ చేశారు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

రాత్రి పది గంటల నలభై నిమిషాలు. స్ట్రెచర్ మీద పడుకోలేక, రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి కూర్చున్నారు. మాస్కు లేకుండా మామూలు గాలి పీలుస్తుండగా రక్తంలో ఆక్సిజన్ శాతం 82, నాడి 116, రక్తపోటు 96/60. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. కింద పరిచిన దుప్పటి చెమటతో తడిసి ముద్దయింది. స్టెతస్కోపు పెడితే ఛాతీ నిండా గుర్రుమనే నీటి చప్పుడు, దాని మీద పిల్లికూతలు. పిక్కల్లో, రొమ్ము కండరాల్లో, కనురెప్పల్లో చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురు. రక్తంలో చక్కెర 236. మధుమేహం లేని మనిషికి ఆ అంకె కనిపించగానే మా పీజీ విద్యార్థి ఇన్సులిన్ సంగతి ఎత్తారు. విషం వల్ల అడ్రినల్ గ్రంథి రెచ్చిపోయి పెరిగిన చక్కెర అది, దాన్నలా వదిలేయమన్నాను. రెండో రోజుకు దానంతటదే దిగింది.

ఈ లక్షణాలను ఒక పట్టికగా బట్టీ పట్టించడం మన చదువులో ఆనవాయితీ. నేను పీజీలను అడిగేది వేరు: ఒక్కొక్క లక్షణం ఏ రిసెప్టర్ నోట పలుకుతున్నదో చెప్పమంటాను. నరాల చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్‌ను వెంటవెంటనే విరగ్గొట్టే ఎంజైము కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఆ ఎంజైమును పట్టేసుకుంటే అసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. అది కూర్చునే పీటలు, అంటే రిసెప్టర్లు, రెండు జాతులవి. ఎర్ర గొడుగు మీద తెల్లచుక్కలుండే పుట్టగొడుగు నుంచి 1869లో వేరుచేసిన మస్కరిన్‌కు స్పందించే మస్కారినిక్‌వి ఒక జాతి, పొగాకులోని నికోటిన్‌కు స్పందించే నికోటినిక్‌వి ఇంకొక జాతి. ఈ విభజన చేసి 1914లో ఆ పేర్లు పెట్టినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్. మస్కారినిక్ రిసెప్టర్లలో ఎం-1 నుంచి ఎం-5 దాకా అయిదు రకాలున్నాయని 1980ల చివర జన్యుపరిశోధనలు తేల్చాయి.

మా రోగి మంచం పక్కన నిలబడి చూస్తే, మాట్లాడుతున్న గొంతుల్లో ఎక్కువ ఎం-3వే. శ్వాసనాళాల గ్రంథులను ఊరించేది, ఆ నాళాల చుట్టూ ఉన్న మెత్తని కండరాన్ని బిగించేది, నోట లాలాజలం కార్పించేది, కంటిపాపను ముడిచే కండరాన్ని నడిపేది, పేగులను మెలిపెట్టేది, మూత్రాశయాన్ని పిండేది ప్రధానంగా ఇదే. చెమట గ్రంథులది ఒక వింత: వాటికి వచ్చే నరాలు, ఆపదలో ఒంటిని ఉరకలెత్తించే సింపథెటిక్ వ్యవస్థకు చెందినవైనా, వాటి చివర పనిచేసేది అసిటైల్‌కోలిన్, దాన్ని అందుకునేది మళ్లీ ఎం-3. తక్కువ రక్తపోటు వెనుక కూడా దీని హస్తం ఉండి ఉండవచ్చు. రక్తనాళాల లోపలి పొర మీది ఎం-3 ప్రేరితమైతే నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి నాళం సడలుతుంది. అసిటైల్‌కోలిన్ నాళాన్ని సడలించాలంటే ఆ లోపలి పొర చెక్కుచెదరకుండా ఉండాలని 1980లో అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ చూపిన ప్రయోగమే 1998 నోబెల్ బహుమతికి దారితీసిన పరిశోధనకు మొదలు.

గుండెది మాత్రం ఎం-2 భాష. వేగస్ నరం నుంచి వచ్చే అసిటైల్‌కోలిన్ అక్కడ పొటాషియం దారులను తెరిచి నాడిని నెమ్మదింపజేస్తుంది. ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త 1921లో కప్ప గుండెల మీద చూపింది ఈ సంగతినే. అలాంటప్పుడు మా రోగి నాడి 116 ఎలా ఉంది?

మొదటి నిర్ణయం: నాడిని నమ్మాలా, ఛాతీని నమ్మాలా

మొదటి ఆసుపత్రిలోని డాక్టరు ఆగిపోయింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే, ఆయన్ను నేను తప్పుపట్టలేను. విషమెక్కితే నాడి తగ్గాలి, అట్రోపిన్ ఇస్తే పెరగాలి, కాబట్టి 120 అంటే అట్రోపిన్ సరిపోయినట్టే అన్న లెక్క పైకి సవ్యంగానే కనిపిస్తుంది. ఆ లెక్కలో నికోటినిక్ రిసెప్టర్లు లేవు. సింపథెటిక్ గాంగ్లియాలలోనూ (నరాల ముడులు), అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలోనూ ఉన్నవి అవే. అసిటైల్‌కోలిన్ వాటిని కూడా తడుతుంది, దాంతో అడ్రినలిన్ పొంగుతుంది. పైగా ఆక్సిజన్ తక్కువ, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తక్కువ. ఎం-2 గుండెను వెనక్కి లాగుతుంటే ఇవన్నీ కలిసి ముందుకు తోస్తున్నాయి. అంటే 116 అనే అంకె రెండు పక్షాల పెనుగులాటలో తేలిన మధ్యస్థం మాత్రమే, అట్రోపిన్ ఎంత పనిచేసిందో చెప్పే కొలత కాదు.

ఛాతీలోని నీటి సంగతీ అంతే. గుండె చేతులెత్తేస్తే ఊపిరితిత్తుల్లో చేరే నీరు వేరు, గ్రంథులు ఊరించే స్రావం వేరు. ఫ్యూరోసెమైడ్ మొదటిదానికి మందు. రెండోదానికి అది చేయగలిగింది ఏమీ లేకపోగా, ఇప్పటికే పడిపోతున్న రక్తపోటును ఇంకా కిందికి లాగుతుంది. ఈసీజీలో వేగం తప్ప మరో తేడా లేదు, మెడ సిరలు ఉబ్బి లేవు. చంకలో చేయి పెడితే నీళ్లలో ముంచినట్టుంది. గుండె జబ్బు రోగికీ చెమట పడుతుంది, కానీ సూదిమొన పాపలు, కండరాల అదురు ఉండవు.

అట్రోపిన్ మస్కారినిక్ పీటలన్నింటి మీదా తాను కూర్చుని అసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేసే మందు. ఎం-1 అని, ఎం-3 అని తేడా చూడదు. ఎదుట పోగుపడిన అసిటైల్‌కోలిన్ ఎంత ఎక్కువైతే, దాన్ని నెట్టడానికి అట్రోపిన్ అంత ఎక్కువ కావాలి. కాబట్టి ముందే ఒక గరిష్ఠ డోసు అనుకుని కూర్చోవడంలో అర్థం లేదు. ముందు 1.8 మిల్లీగ్రాములు, అంటే మన 0.6 ఆంపుల్స్ మూడు ఇచ్చి, అయిదు నిమిషాలాగి ఛాతీ విని, మార్పు లేకపోతే రెట్టింపు చేస్తూ పోవాలి. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో 156 మంది రోగుల మీద జరిగి, 2012లో అచ్చయిన పరిశీలనలో, పాత పద్ధతిలో విడివిడిగా డోసులిచ్చిన వారిలో 22.5 శాతం మంది చనిపోగా, ఇలా రెట్టింపులతో ఎక్కించి తర్వాత ఇన్‌ఫ్యూజన్ (ఆగకుండా సన్నగా సిరలోకి ఎక్కించడం) నడిపినవారిలో 8 శాతం మంది చనిపోయారు. మా వార్డులో ఈ పద్ధతే పాటిస్తాం.

మూడు, ఆరు, పన్నెండు ఆంపుల్స్. పన్నెండోది విరిచేసరికి స్టాఫ్ నర్సు బొటనవేలు గాజుకు కోసుకుంది, ఆమె ప్లాస్టర్ చుట్టుకుని మళ్లీ విరవసాగింది. మూడో డోసు తర్వాత పిల్లికూతలు పోయి, చప్పుడు ఊపిరితిత్తుల అడుగుకు దిగింది. మెరుగు కనిపించాక ఇక రెట్టింపు చేయనక్కర్లేదు కాబట్టి, నాలుగోసారి పది ఆంపుల్స్‌తో ఆగాం. మొత్తం 31 ఆంపుల్స్, 18.6 మిల్లీగ్రాములు. పదకొండుంబావు అయ్యేసరికి ఆయన పడుకోగలిగారు, ఆక్సిజన్ మాస్కుతో 96 శాతం. చంక పొడి. ఎక్కించిన మొత్తంలో సుమారు పదో వంతు, అంటే గంటకు 2 మిల్లీగ్రాముల ఇన్‌ఫ్యూజన్ మొదలుపెట్టాం.

విషం పట్టేసుకున్న ఎంజైమును విడిపించే ప్రాలిడాక్సిమ్ కూడా ఇచ్చాం, అరగంటలో 2 గ్రాములు, తర్వాత గంటకు అర గ్రాము చొప్పున. దీని మీద నాకు గట్టి నమ్మకమూ లేదు, గట్టి అపనమ్మకమూ లేదు. మహారాష్ట్రలోని బారామతిలో జరిగి 2006లో అచ్చయిన పరిశీలన ఎక్కువ డోసు మేలు చేసిందంటే, 2009లో అచ్చయిన శ్రీలంక పరిశీలన అలాంటి మేలేమీ చూపలేదు. మోనోక్రోటోఫాస్ డైమిథైల్ వర్గానిది, అది పట్టుకున్న ఎంజైము నాలుగు గంటల్లోపే సగానికి సగం ముదిరిపోయి ఇక తిరిగిరాదు. అయినా ఇచ్చింది ఎందుకంటే, చర్మం గుండా విషం ఇంకా ఎక్కుతుంటే కొత్తగా పట్టుబడే ఎంజైమునైనా విడిపించవచ్చనే ఆశతో. ఈ మాట ఆ రాత్రి నేనే అన్నాను. అన్నవాడిని దాని వెంట పోయి, విషం ఇంకా ఎక్కడి నుంచి ఎక్కుతున్నదో వెతకలేదు.

విఫలమైంది: మళ్లీ మళ్లీ తడుస్తున్న చంక

రాత్రి ఒకటిన్నరకు మళ్లీ చెమట, మళ్లీ ఛాతీ అడుగున చప్పుడు. అయిదు ఆంపుల్స్ ఇచ్చి, ఇన్‌ఫ్యూజన్ 3 మిల్లీగ్రాములకు పెంచాను. మూడున్నరకు మళ్లీ అదే కథ, ఇన్‌ఫ్యూజన్‌ను 4కు పెంచాను. డోసు చాలడం లేదు, పెంచాలి అన్న ఒక్క ఆలోచనే నాకు తోచింది. రాగానే చొక్కా, లుంగీ తీసేశారు, తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు. కేస్‌షీట్‌లో ‘ఒళ్లు శుభ్రం చేయబడినది’ అని రాసి ఉంది. ఆ వాక్యాన్ని చదివి నేను సంతృప్తిపడ్డాను.

సంతృప్తిపడనిది ఆయన భార్య. నాలుగు గంటలకు రౌండుకు వెళ్తే, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “సారూ, మందు వాసన ఇంకా కొడ్తనే ఉంది” అన్నారు. నాకు తెలియలేదు, రాత్రంతా ఆ గదిలోనే ఉన్నవాడికి ముక్కు అలవాటు పడిపోయింది. దుప్పటి తొలగించి చూశాం. నడుముకు నల్లటి మొలతాడు, చాలా ఏళ్లుగా ఉన్నది, దారాల పేటలు లావెక్కి, దానికో తాయెత్తు. చేతి గ్లవ్సుతో పట్టుకుంటే తడిగా జారింది. నర్సు కత్తెరతో కోసి తీస్తే, దాని కింద నడుము చుట్టూ ఎర్రటి పట్టీలా చర్మం కమిలి ఉంది. తల వెంట్రుకలు ఎవరూ కడగలేదు. గోళ్ల కింద మన్ను, మన్నులో మందు. వీపును తుడిచారు గానీ, మనిషిని పక్కకు తిప్పి నడుము మడతల దాకా తుడవలేదు.

మొలతాడు కొయ్యడానికి ముందు ఆమెను అడిగాం. ఒక్క క్షణం తటపటాయించి, “తీసెయ్యుండ్రి” అన్నారు. తాయెత్తును మాత్రం సబ్బుతో కడిగించి, ప్లాస్టిక్ కవరులో వేసి ఆమెకు ఇచ్చాం.

ఇద్దరు నర్సులు, ఒక వార్డుబాయ్ గ్లవ్సులు, ఏప్రాన్లు వేసుకుని తల నుంచి పాదాల దాకా సబ్బు నీళ్లతో రెండుసార్లు స్నానం చేయించారు. ఆ తర్వాత ఛాతీ మళ్లీ తడవలేదు. మొలతాడు ఒక్కటే దోషి అని నేను అనను, చర్మంలోకి అప్పటికే దిగిన మందు కూడా మెల్లగా రక్తంలోకి వస్తూ ఉండి ఉంటుంది. కానీ రెండుసార్లు తిరగబెట్టిన రోగి స్నానం తర్వాత ఒక్కసారి కూడా తిరగబెట్టలేదన్నది వాస్తవం. లోపలికి విషం కారుతుండగా అట్రోపిన్ పెంచుకుంటూ పోవడం, కొళాయి కట్టకుండా నేల తుడవడమే.

విఫలమైంది: కంటిపాప కోసం పరుగు

ఇక్కడే రెండో పొరపాటు చేశాను, ఇది పూర్తిగా నాది. స్నానంతో విషపు సరఫరా ఆగిందని గ్రహించాక ఇన్‌ఫ్యూజన్ తగ్గించాల్సింది. తగ్గించకపోవడానికి కారణం కంటిపాపలు. ఛాతీ తేటపడింది, చంక ఎండింది, నాడి, రక్తపోటు కుదురుకున్నాయి. పాపలు మాత్రం 2 మిల్లీమీటర్లు దాటలేదు, కుడిది ఇంకా చిన్నది. పాపలు విచ్చుకునేదాకా అట్రోపిన్ చాలలేదన్న పాత పాఠం ఎక్కడో మనసులో నాటుకుని ఉంది. గంటకు 4 మిల్లీగ్రాములు అలాగే నడవనిచ్చాను.

ఉదయం పది గంటలకు పిలుపు వచ్చింది. ఆయన మంచం మీద లేచి కూర్చుని, దుప్పటి మీద నుంచి ఏదో ఏరుతున్నారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి, చిన్నగా మెలితిప్పి లాగి, ఎడమచేతి వైపు నడుము దగ్గర లేని సంచిలో వేస్తున్నారు. మళ్లీ ఇంకొకటి. చూస్తున్న మాకు ఒక నిమిషం పట్టింది, ఆయన పత్తి ఏరుతున్నారని తెలియడానికి. పిలిస్తే మా వైపు చూశారు గానీ, ఆ చూపు మా వెనకాల ఎక్కడో ఆగింది.

విషం మెదడుకెక్కింది, అట్రోపిన్ ఇంకా పెంచుదామా అని రాత్రంతా మేలుకున్న పీజీ అడిగారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే, ఎందుకంటే ఆర్గానోఫాస్ఫరస్ కూడా మెదడును కలవరపెడుతుంది. తేడా మెదడులో కనిపించదు, మిగతా ఒంట్లో కనిపిస్తుంది. నాలుక అట్టలా ఎండింది, చంక కాగితంలా ఉంది, ఒళ్లు కాలుతోంది, జ్వరం 38.6 డిగ్రీలు, నాడి 138. పొట్ట మీద స్టెతస్కోపు పెడితే పేగుల చప్పుడే లేదు. బొడ్డు కింద నుంచి గట్టిగా, గుండ్రంగా మూత్రాశయం పైకి తగులుతోంది. ఎం-3 ఎక్కడెక్కడ పనిచేయాలో అక్కడల్లా నోరు మూసుకుంది. చెమట పట్టక ఒంటి వేడి పైకెక్కింది, పేగు ఆగింది, మూత్రాశయం పిండుకోవడం మానేసింది. మెదడులో జ్ఞాపకానికి, ఎరుకకు కీలకమైన ఎం-1 కూడా అట్రోపిన్ కింద అణగిపోయింది. మన ఊళ్లలో ఉమ్మెత్త గింజలు తిన్నవారికి పట్టే పిచ్చి సరిగ్గా ఇదే, ఉమ్మెత్తలో ఉన్నవి అట్రోపిన్, దాని సోదరుడు స్కోపలమైన్. “ఉమ్మెత్తకాయ తిన్నట్టే ఉన్నడు” అని వార్డుబాయ్ అప్పటికే అన్నాడట. మాకంటే ముందు రోగనిర్ణయం చేసింది అతనే.

మరి పాపలు? టార్చి వేసి దగ్గరగా చూస్తే రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, గాలి మళ్లి ముఖం మీద తుంపర పడిందన్న మాట. మందు నేరుగా కంట్లో పడితే ఆ కండరం దగ్గరి ఎంజైము అక్కడికక్కడే స్తంభించి, పాప ముడుచుకునే ఉంటుంది, రక్తంలో వచ్చే అట్రోపిన్‌కు అది సులభంగా లొంగదు. రిసెప్టర్ అదే ఎం-3, కానీ విషం దాన్ని చేరిన దారి వేరు, మందు చేరే మోతాదు వేరు. ఊపిరితిత్తుల సంగతి తెలుసుకోవడానికి కంటిని అడిగాను, కన్ను తన సంగతే చెప్పింది.

ఏం చేశామంటే, ఇన్‌ఫ్యూజన్ పూర్తిగా ఆపాం. క్యాథెటర్ వేస్తే 900 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది, ఆందోళన సగం దానితోనే తగ్గింది. చెమట పట్టని జ్వరానికి పారాసెటమాల్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు కాబట్టి, తడిగుడ్డలు కప్పి ఫ్యాను పెట్టాం. మతిభ్రమను అణచే హాలోపెరిడాల్ ఇద్దామన్న సూచన వచ్చింది. ఫిట్స్ వచ్చే అవకాశమున్న, గుండె లయ తప్పే ప్రమాదమున్న రోగికి అది వద్దనుకుని, డయజెపామ్ 5 మిల్లీగ్రాములు మెల్లగా ఇచ్చాం. అట్రోపిన్ మైకానికి పుస్తకాల్లో ఫైసోస్టిగ్మిన్ రాసి ఉంటుంది కదా అని ఇంకో పీజీ అడిగారు. అది కూడా కోలినెస్టరేజ్‌ను ఆపే మందే, పురుగుమందు చేసిన పనినే మళ్లీ చేస్తుంది, ఈ రోగిలో దాన్ని ముట్టుకోకూడదు.

అట్రోపిన్ ఆపాక అరగంటకోసారి ఛాతీ, చంక, పేగు చూశాం. మధ్యాహ్నం పన్నెండున్నరకు పేగుల చప్పుడు మొదలైంది, చంకలో పలుచటి తడి తగిలింది. మామూలుగా ఇలాంటప్పుడు ఆపిన మోతాదులో డెబ్బై, ఎనభై శాతంతో తిరిగి మొదలుపెడతారు. ఇక్కడ 4 మిల్లీగ్రాములన్నదే మొలతాడు కాలపు మోతాదు, విషపు సరఫరా ఆగిన తర్వాత దానికి అర్థం లేదు. అందుకని 2తో మొదలుపెట్టి, రాత్రికి 1కి దించాం. మర్నాడు తెల్లవారేసరికి ఆయన భార్యను పేరు పెట్టి పిలిచారు. పత్తి ఏరిన సంగతి ఆయనకు ఏమాత్రం గుర్తులేదు.

మూడో రోజు: అట్రోపిన్‌కు సంబంధం లేని బలహీనత

ఇక గట్టెక్కామనుకున్నాం. విషమెక్కి యాభై గంటలు దాటాక, ఉదయం రౌండులో ఆయన్ను తల దిండు మీద నుంచి ఎత్తమంటే ఎత్తలేకపోయారు. ముందురోజు ఒక్క ఊపిరిలో 24 దాకా లెక్కపెట్టారు, ఆ ఉదయం 15, మధ్యాహ్నానికి 9. ఛాతీ మాత్రం తేటగా ఉంది. చంక పొడి. డ్యూటీ డాక్టర్ నేను వచ్చేలోపు అట్రోపిన్ రెండు ఆంపుల్స్ ఇచ్చి చూశారు, నాడి పెరగడం తప్ప మరేమీ కాలేదు.

మెడ, భుజాలు, తొడలు, ఊపిరి కండరాలు ఇలా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య జావగారిపోవడాన్ని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకె, కరల్లియెద్దె ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని వర్ణించారు. నరం కండరాన్ని కలిసే చోట ఉన్నవి నికోటినిక్ రిసెప్టర్లు, రోజుల తరబడి తట్టించుకుని అవి చచ్చుపడతాయి. అట్రోపిన్‌కు అక్కడ పీటే లేదు. మస్కారినిక్ వైపు రోగి బాగున్నాడని చెప్పే పొడి ఛాతీ, ఈ వైపు మునిగిపోతున్నాడన్న సంగతిని కప్పిపుచ్చుతుంది. ఆక్సిజన్ శాతం చివరిదాకా బాగానే ఉంటుంది, పడితే ఒక్కసారిగా పడుతుంది.

అందుకే 9 అంకె చూడగానే, శాతం 95 ఉండగానే గొంతులో గొట్టం వేశాం. కండరాలు సడలించడానికి సక్సామెథోనియం వాడలేదు. దాన్ని విరగ్గొట్టేది రక్తంలోని కోలినెస్టరేజ్, ఈ రోగిలో అది దాదాపు లేదు, ఇస్తే నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు. దాని బదులు రోక్యూరోనియం వాడాం. ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఆ ఆరు రోజుల్లో చేసింది సక్షన్, పక్కలు తిప్పడం, ముక్కు గొట్టంతో ఆహారం, ఎదురుచూడటం. ఏడో రోజు తల ఎత్తి, తానే ఆశ్చర్యపోయినట్టు మా వైపు చూశారు. పదహారో రోజున ఇంటికి వెళ్లారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

మా వార్డు చార్టులో గంటగంటకూ రాసే గడుల వరుసలో ఇంతకుముందు కంటిపాప మొదట, నాడి తర్వాత, ఛాతీ చివర ఉండేవి. వరుస తిరగేశాం. ఛాతీ, చంక, రక్తపోటు, నాడి, పేగు చప్పుడు, మూత్రాశయం, ఆ తర్వాతే పాప. ఊపిరితిత్తుల ఎం-3 రోగి ప్రాణం తీస్తుంది, కంటి ఎం-3 తీయదు. మేం ఆపాల్సిన గీతను చెప్పగలిగేది మొదటిదే. పేగు, మూత్రాశయం ఎందుకు చేర్చామంటే, అట్రోపిన్ ఎక్కువైందన్న కబురు పత్తి ఏరడం మొదలుకాక ముందే తెచ్చేవి అవే. ఆ ఉదయం ఆరు గంటలకు ఎవరైనా పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి ఉంటే, పదింటికి ఆయన దుప్పటి మీద పత్తి ఏరేవారు కాదు. తల ఎత్తడం, ఒక్క ఊపిరి లెక్క పూటకోసారి రాసే గడిని విడిగా గీశాం, నికోటినిక్ వైపు కాపలా కోసం. నేర్చుకున్నది అమలు చేయడం కష్టమైన చోటు ఒకటుంది: రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు పన్నెండు మంచాలు చూస్తుంటే, అరగంటకోసారి చంక తడమడం కాగితం మీదే మిగిలిపోతుంది. దానికి నా దగ్గర మంచి ఉపాయం లేదు. పక్కనున్న బంధువుకు చంక ఎలా తడమాలో, తడి తగిలితే ఎవరిని పిలవాలో చూపించి వెళ్తున్నాం.

నా ఓపీలో కూడా కొంత మార్పు వచ్చింది. ఆ రైతుకు ఒక్క ఉదయంలో జరిగినదే, మాత్రల రూపంలో వారాల మీద జరుగుతున్న పెద్దవాళ్లను ఇప్పుడు వెతికి పట్టుకుంటున్నాను. మూత్రం ఆగడం లేదని ఆక్సీబ్యుటినిన్, నిద్ర పట్టడం లేదని అమిట్రిప్టిలిన్, చేతులు వణుకుతున్నాయని ట్రైహెక్సీఫెనిడిల్, జలుబుకు క్లోర్‌ఫెనిరమైన్. నాలుగూ నలుగురు డాక్టర్లు రాసినవి, నాలుగూ మస్కారినిక్ పీటల మీదే కూర్చునేవి. మతి తప్పుతోందని కొడుకు తీసుకొచ్చిన తల్లికి ఎంఆర్ఐ రాసేముందు మాత్రల సంచి బల్ల మీద బోర్లించమంటున్నాను.

ఆరు వారాల తర్వాత ఆయన చూపించుకోవడానికి వచ్చారు. విషమెక్కిన రెండు మూడు వారాలకు కొందరికి కాళ్ల నరాలు దెబ్బతింటాయి కాబట్టి, మడమల మీద, మునివేళ్ల మీద నడిపించి చూశాను. నడక బాగుంది. పంపు మూతకు కొత్త వాషరు వేయించారట, అయినా ఈసారి మందు కొట్టడం తమ్ముడికి అప్పగించారట. తమ్ముడికి కూడా స్నానం సంగతి చెప్పమన్నాను. ఆయన చొక్కా కొద్దిగా పైకెత్తి చూపించారు. నడుముకు కొత్త మొలతాడు, పాత తాయెత్తు. “మందు కొట్టే రోజు ఇప్పి ఇంట్ల పెట్టిపోవాలె అని మా ఆమె ఆర్డర్ సార్” అన్నారు. మా అడ్మిషన్ చార్టులో ‘ఒళ్లు శుభ్రం చేయబడినది’ అన్న వాక్యాన్ని కొట్టేసి, దాని చోట నాలుగు గడులు గీశాం: తల, గోళ్లు, నడుము మడతలు, మొలతాడు.